ఎవరి కారు ఎక్కాలి: ఒక పెద్దావిడ ప్రయాణాల కేస్ స్టడీ

అమెరికాలో ఒక మధ్యతరహా కౌంటీలో, వయసు మళ్లినవారికీ వికలాంగులకూ ప్రయాణ సౌకర్యం చూసే సభ్యత్వ సంఘంలో నేను సమన్వయకర్తగా పనిచేస్తున్నాను. ఎవరికి ఏ బండి, ఏ పథకం, ఏ మనిషి సరిపోతారో చూసి జత కలపడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక తెలుగు పెద్దావిడ కేసు. పేర్లు తీసేశాను, గుర్తుపట్టగల వివరాలు మార్చాను. ఆవిడా ఆవిడ కుమారుడూ చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. ఇందులో నేను రెండు తప్పులు చేశాను. రెండోది తెలుగుదాన్ని కాబట్టే చేశాను. అందుకే దీన్ని తెలుగులో రాయాలనిపించింది.

మా సంఘం సంగతి

ప్రయాణించేవారు ఏడాదికి కొంత చందా కట్టి సభ్యులవుతారు. సొంత కార్లు నడిపే వాలంటీర్లూ సభ్యులే. ప్రతి ప్రయాణికుడి పేరా ఒక ఖాతా ఉంటుంది. అందులో ముందే డబ్బు వేసుకుంటే, తిరిగిన మైళ్లను బట్టి తగ్గుతూ వస్తుంది. కారులో డబ్బు చేతులు మారదు, టిప్పు తీసుకోకూడదు. ఈ పద్ధతి మా సొంతం కాదు. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో క్యాథరిన్ ఫ్రాయిండ్ అనే ఆవిడ 1995లో మొదలుపెట్టిన ఐటీఎన్ (ఇండిపెండెంట్ ట్రాన్స్‌పోర్టేషన్ నెట్‌వర్క్) సంస్థ దగ్గర నేర్చుకున్నది. 1988లో ఆవిడ పసివాడైన కొడుకును ఎనభై దాటిన ఒక పెద్దాయన నడుపుతున్న కారు ఢీకొట్టింది. పిల్లవాడు బతికాడు. ఆవిడ మాత్రం ఆ పెద్దాయన మీద కోపం పెంచుకునే బదులు, ఆ వయసులో ఆయన కారు నడపక తప్పని పరిస్థితి ఎందుకు వచ్చిందని ఆలోచించింది.

మా నిధుల్లో పెద్ద భాగం, వయసు మళ్లినవారి, వికలాంగుల ప్రయాణాల కోసం ఉద్దేశించిన 5310 సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది. నా ఉద్యోగానికయ్యే ఖర్చులో నూటికి 80 వంతుల దాకా అందులోంచే వస్తుంది, మిగతాది స్థానికంగా సమకూర్చుకోవాలి. వాలంటీర్లకు జీతం ఉండదు. సేవకు నడిపిన మైలుకు 14 సెంట్లు పన్నులో చూపించుకోవచ్చు. 1998 నుంచి ఆ అంకె కదలలేదు. వ్యాపారం పని మీద కారు నడిపినవారికి 2025లో మైలుకు 70 సెంట్లు. వాలంటీర్లు ఎందుకు దొరకరని ఎవరైనా అడిగితే ముందు ఈ రెండు అంకెలు చెబుతాను.

నేపథ్యం

పెద్దావిడకు అప్పటికి 74 ఏళ్లు. భర్త పోయిన ఏడాదికి కొడుకు దగ్గరకు వచ్చేశారు. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది. మధుమేహం ఇరవై ఏళ్ల నాటిది. దానివల్ల పాదాల్లో స్పర్శ తగ్గింది, కంట్లో రెటీనా దెబ్బతిని నెలకోసారి ఇంజెక్షను చేయించుకోవాలి. మోకాళ్లు అరిగాయి. పగటి వెలుతురులో చూపు పరవాలేదు. సందె వేళ మాత్రం కాలిబాట గట్టుకూ రోడ్డుకూ తేడా తెలియదు.

ఇండియాలో ఉన్నప్పుడు ఆవిడ ఎవరి మీదా ఆధారపడిన మనిషి కాదు. రైతుబజారుకు ఆటోలోనూ, పక్క ఊళ్లోని చెల్లెలింటికి ఆర్టీసీ బస్సులోనూ ఒక్కరే వెళ్లివచ్చేవారు. భర్త ఉపాధ్యాయుడు కావడంతో కుటుంబ పింఛను వస్తుంది. బ్యాంకుకు వెళ్లి తెచ్చుకునేదీ ఆవిడే. ఇక్కడ కొడుకు ఇల్లు కాలనీ చివర, రోడ్డు గుండ్రంగా తిరిగి ఆగిపోయే చోట ఉంది. బస్ స్టాపు సుమారు 600 మీటర్లు. అందులో మూడో వంతు దూరం కాలిబాటే లేదు, మధ్యలో సిగ్నల్ లేని కూడలి ఒకటి. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్థులు.

వచ్చిన సమస్య

ఫోను చేసింది కొడుకు. ‘‘నెలకోసారి కంటి ఆసుపత్రి, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ. సెలవులన్నీ అయిపోయాయండీ. మీ సంఘం వాళ్లు దింపి తీసుకొస్తారని ఎవరో చెప్పారు’’ అన్నారు. అమ్మగారితో మాట్లాడవచ్చా అని అడిగితే, ‘‘ఆవిడ ఏం చెప్పినా సరే అంటుందండీ’’ అన్నారు. ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. ఎవరు ఏం చెప్పినా సరే అనే మనిషి సరే అన్నంత మాత్రాన మనకు తెలిసేది ఏమీ ఉండదు.

ఫోన్లో ఆవిడ, ‘‘నాకేం పనుందమ్మా బయట? వాడికి వీలైనప్పుడే తీసుకెళతాడు’’ అన్నారు. అక్కడితో ఆపేస్తే ఇది రెండు ఆసుపత్రుల కేసు. ఇంటికి వెళ్లి కొడుకూ కోడలూ లేని సమయంలో కూర్చున్నాను. మొదటి గంట ఆసుపత్రి కబుర్లే. టీ అయ్యాక, తలుపు దాకా వచ్చి, ‘‘ఇక్కడ బస్సు ఎక్కడ ఆగుతుందమ్మా?’’ అని అడిగారు. మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నాను.

ఆవిడకు కావలసినవి మూడు: గురువారం గుడిలో జరిగే పారాయణ, ఐదు మైళ్ల దూరంలో పెద్దల అపార్ట్‌మెంట్లో ఉండే ఒక స్నేహితురాలి ఇల్లు, తెలుగు పుస్తకాలు కొన్ని ఉన్నాయని విన్న గ్రంథాలయం. కొడుకు చెప్పిన జాబితాలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆయన దాచిపెట్టలేదు. ఆవిడ ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మేము రాకముందు చేసినవి

కొడుకు ఆఫీసు నుంచి ఫోనులో క్యాబ్ బుక్ చేసేవారు. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు, ఇంటి ముందు ఎక్కడమే. చిక్కంతా తిరుగు ప్రయాణంలో వచ్చేది. ఆసుపత్రికి నాలుగు ద్వారాలు. డ్రైవరు ఒకచోట, ఈవిడ మరోచోట. డ్రైవరు ఇంగ్లిషులో ఫోను చేస్తాడు, కంట్లో ఇంజెక్షను పడ్డ మనిషి తెర మీద ఏ బొత్తాం నొక్కాలో చూడలేదు. డ్రైవరు కాసేపు చూసి వెళ్లిపోతాడు, డబ్బు మాత్రం పడుతుంది. అలా మూడోసారి జరిగాక ఆవిడ ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లడం మొదలుపెట్టారు. కొడుకు దాన్ని మతిమరుపు అనుకున్నారు. నేను అనుకోలేదు.

దరఖాస్తు, తిరస్కరణ

నేను మొదట ఎంచుకున్నది పారాట్రాన్సిట్, అంటే మామూలు బస్సు వాడలేనివారికి బస్సుల సంస్థే పంపే బండి. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అందరూ ఏడీఏ అనేది, మామూలు సిటీ బస్సులు నడిపే ప్రతి సంస్థా ఆ బస్సు వాడలేని వికలాంగులను ముందుగా బుక్ చేసుకుంటే వేరే బండిలో తీసుకెళ్లాలని చెబుతుంది. దాన్ని ముందు ఎంచుకోవడానికి నాకు కారణాలున్నాయి. అది హక్కు, ఎవరి దయా అక్కరలేదు. ఎందుకు వెళ్తున్నారని అడిగి ఒక పనికి ముందూ ఒక పనికి వెనకా అనే వీలు వాళ్లకు లేదు, ఆసుపత్రికైనా స్నేహితురాలింటికైనా ఒకటే. ఛార్జీ బస్సు టికెట్టుకు రెట్టింపు మించకూడదు. తోడు మనిషి అవసరమని తేలితే తోడుకు టికెట్టు ఉండదు. వలస హోదాతో సంబంధం లేదు. చివరిది ఈ కేసులో ముఖ్యం. పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ కింద ఆసుపత్రి ప్రయాణాలు దొరుకుతాయి కానీ, గ్రీన్ కార్డు వచ్చిన చాలామందికి అయిదేళ్లు గడిచేదాకా ఆ తలుపు తెరుచుకోదు. ఈవిడకు ఇంకా మూడేళ్లుంది.

దరఖాస్తు కొడుకు నింపారు. కుటుంబ వైద్యుడు ‘74 ఏళ్లు, మధుమేహం, మోకాళ్ల అరుగుదల’ అని ఉత్తరం ఇచ్చారు. ముఖాముఖికి కొడుకే దుబాసీగా వెళ్లారు. నాకు ఆ రోజు వేరే పని ఉండి వెళ్లలేదు. అది నా మొదటి తప్పు.

తరువాత ఇద్దరినీ విడివిడిగా అడిగి ఆ రోజు ఏం జరిగిందో కూర్చుకున్నాను. ఆవిడ గంజి పెట్టిన వెంకటగిరి చీర కట్టుకుని, చేతికర్ర కారులోనే వదిలి వెళ్లారు. ఆఫీసుకు కర్ర పట్టుకుని వెళితే ఏం బాగుంటుందని. నడవగలరా అని అడిగితే నడుస్తానన్నారు. మెట్లు ఎక్కుతానన్నారు. దారి తప్పితే ఏం చేస్తారంటే ఎవరినైనా అడుగుతానన్నారు. ఏ భాషలో అడుగుతారో అక్కడ ఎవరికీ తోచలేదు. కాళ్లు తిమ్మిరెక్కుతాయా అన్నదానికి ‘‘కింద నేల ఉందో లేదో తెలియదు ఒక్కోసారి’’ అని తెలుగులో చెప్పారట. అది కొడుకు నోట్లో ‘అప్పుడప్పుడు కాస్త తిమ్మిరి’ అయి ఇంగ్లిషులోకి వెళ్లింది. తరువాత నున్నటి నడవాలో అటూ ఇటూ నడిపించి చూశారు. ఆవిడ చక్కగా నడిచారు.

పద్దెనిమిదో రోజున ఉత్తరం వచ్చింది: స్టాపు దాకా స్వతంత్రంగా వెళ్లగలరు కాబట్టి అర్హత లేదు.

పరీక్షించిన ఉద్యోగిని నేను తప్పుపట్టను. ఆ ఉద్యోగి ముందు ఉన్న సమాచారానికి ఆ జవాబే సరైనది. చట్టంలో షరతు కఠినమైనది. బస్సులో వెళ్లడం కష్టం అయితే చాలదు, వైకల్యం వల్ల వెళ్లలేకపోవాలి. వయసు ఒక్కటే ఎంతున్నా లెక్కలోకి రాదు. మా పెద్దావిడకు ఆ ప్రశ్నలు వేరేగా వినిపించాయి. ‘నడవగలరా’ అన్నప్పుడల్లా ‘మీరు మీ అబ్బాయికి బరువా’ అని అడిగినట్టు తోచింది. కొడుకు ఎదురుగా, పరాయి ఆఫీసులో, చేతకాదని ఏ తల్లి చెబుతుంది? ఇక కొడుకు మెత్తబరిచి అనువదించడం ప్రేమే. ప్రేమ ఉన్నవారు మంచి దుబాసీలు కారు, అంతే. కేంద్ర నిధులు తీసుకునే రవాణా సంస్థలు ఇంగ్లిషు రానివారికి భాషా సాయం అందించాలని 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆధారంగా అప్పటికి నియమాలున్నాయి. అడిగితే తెలుగు దుబాసీని ఫోనులోనైనా పెట్టేవారు. ఆ సంగతి నాకు తెలుసు. అడగమని చెప్పలేదు.

తెలుగు వాలంటీరు

అప్పీలుకు 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా ఆవిడ ఇంట్లో కూర్చోకూడదని మా వాలంటీరును కుదిర్చాను. ఇక్కడ నా రెండో తప్పు.

నా తర్కం సులువుగా నడిచింది: ఇప్పటిదాకా అడ్డుపడింది భాష, కాబట్టి తెలుగు మాట్లాడే మనిషిని పెడితే సరిపోతుంది. మా దగ్గర ఉద్యోగ విరమణ చేసిన ఒక తెలుగాయన ఉన్నారు. గుడి పనుల్లో ముందుంటారు, బండి నెమ్మదిగా నడుపుతారు, మంచి మనిషి. జత కుదిర్చి, ఈ కేసు అయిపోయిందనుకుని ఫైలు పక్కన పెట్టాను.

రెండు నెలల్లో ఆరు ప్రయాణాలు బుక్ అయ్యాయి. నాలుగు రద్దయ్యాయి. ఒకసారి జలుబు, ఒకసారి ఏకాదశి ఉపవాసం, ఒకసారి మనవడికి జ్వరం, ఒకసారి కారణమే లేదు. వాలంటీరు నుంచి ఫిర్యాదు లేదు. పైగా, ‘‘పాపం పెద్దావిడ. ఖాతాలో డబ్బు కోయడం ఎందుకండీ, నేను ఊరికే దింపుతాను. మనవాళ్లే కదా’’ అన్నారు.

ఆ మాటతో నాకు అనుమానం వచ్చి మళ్లీ ఇంటికి వెళ్లాను. వంటగదిలో డబ్బాలు కనిపించాయి. వెళ్లిన రెండుసార్లూ ఆవిడ ముందురోజే సున్నుండలు చేసి పట్టుకెళ్లారు. ఒకసారి గోంగూర పచ్చడి కూడా. అరిగిన మోకాళ్లతో పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడి. ‘‘ఆయన డబ్బు తీసుకోనంటాడు. ఏమీ పెట్టకుండా వాళ్ల కారు ఎలా ఎక్కనమ్మా?’’ అన్నారు. కారులో ఎక్కి కూర్చోవాలంటే ముందురోజు సున్నుండలు చేయాలి. చేసే ఓపిక లేని వారం జలుబు చేసేది.

ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికి ఆవిడకు ఇంకో అరగంట పట్టింది. గుడిలో వాలంటీరు గారి భార్య పలకరించి, ‘‘మీ అబ్బాయికి తీరిక ఉండదు కాబోలు పిన్నిగారూ’’ అన్నారట. అందులో దురుద్దేశం ఏమీ లేదని పెద్దావిడే చెప్పారు. ‘‘కానీ నలుగురిలో అనిపించుకున్నాక మళ్లీ వెళ్లబుద్ధి కాలేదు. మావాడు నన్ను బాగా చూస్తాడు. వాడికి మాట రాకూడదు.’’

నేను తెలుగుతనాన్ని సౌకర్యం అనుకున్నాను. ఆవిడకు అది తీర్చలేని రుణమూ, కొడుకు మీద నలుగురి చూపూ అయి కూర్చుంది. మా ఫారంలో ‘మీకు ఏ భాష మాట్లాడే డ్రైవరు కావాలి’ అన్న గడి ఉంది. ‘ఎవరి కారు మీరు ఎక్కలేరు’ అన్న గడి లేదు.

మార్చినవి

ముందు డ్రైవరు. ఇంకో తెలుగువారిని పెట్టవచ్చు, మా దగ్గర ఇంకొకరున్నారు. కానీ ఈ కౌంటీలో తెలుగువాళ్లంతా రెండు పరిచయాల దూరంలో ఉంటారు, మళ్లీ అదే కథ. అందుకని గుడితో గానీ కొడుకు ఆఫీసుతో గానీ ఏ సంబంధమూ లేని, పూర్వం స్కూలు బస్సు నడిపిన ఒక స్థానిక మహిళను ఎంచుకున్నాను. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు ఇంగ్లిషు పది మాటలు. ఆ లోటు కార్డుతో పూడ్చాను. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిషు, పక్కన బొమ్మ: నెమ్మదిగా, బాత్రూమ్, తల తిరుగుతోంది, ఇంటికి, ఇక్కడే ఆగండి. కారు ఎక్కే చోటా దిగే చోటా తీసిన ఫొటోలు రెండు. తిరుగు ప్రయాణంలో వాలంటీరు లోపలికే వచ్చి కుర్చీ దగ్గర కలవాలని ఫైల్లో రాశాను. క్యాబ్‌లో పాడైంది అక్కడేనని మరిచిపోకూడదు కదా.

తరువాత డబ్బు. ఖాతా కొడుకు కార్డు మీద ఉంది. పెద్దావిడ తన పింఛను నుంచి కట్టుకుంటానన్నారు. కొడుకు నొచ్చుకున్నారు. ‘‘పాతిక డాలర్ల కోసం ఇంత లెక్కా అమ్మా? నేను పరాయివాణ్ణా?’’ ఆవిడ, ‘‘నువ్వు పరాయివాడివి కాదురా, అందుకే అడగలేకపోతున్నాను’’ అన్నారు. నేను కలగజేసుకోలేదు. పింఛను ఇండియాలో రూపాయల్లో పడుతుంది, ఖాతా ఇక్కడ డాలర్లలో. తల్లీకొడుకులే దారి కనిపెట్టారు: ఇక్కడ డాలర్లు కొడుకు వేస్తారు. అంతకు సరిపడా, ఊళ్లో ఇంటి పన్నూ మరమ్మతులూ కొడుకు పంపాల్సిన చోట ఆవిడ పింఛను నుంచి వెళ్తుంది. ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టారు. తారీకు, ఎక్కడికి, ఎన్ని మైళ్లు, ఎంత. మేము నెలనెలా పంపే లెక్క ఆవిడ పేరు మీదే పోస్టులో వెళ్తుంది. ఆసుపత్రి బిల్లులు కాకుండా ఈ దేశంలో తన పేరున వచ్చిన మొదటి ఉత్తరం అదేనని చెప్పారు.

పాత వాలంటీరుకు ఏం చెప్పాలన్నది నాకు కష్టమైన పని. నిజం చెబితే ఆయన భార్య నొచ్చుకుంటారు, అబద్ధం చెప్పను. ‘‘ఆవిడ వెళ్లే వేళలు మారాయి, వేరేవారిని పెడుతున్నాం’’ అన్నాను. వేళలు నిజంగానే మారాయి. మార్చింది నేనే.

అప్పీలు

కొడుకు కోరిక, పూర్తి అర్హత అడగమని. నేను ఒప్పుకోలేదు. కారణం నిజాయితీ ఒక్కటే కాదు. పూర్తిగా వెళ్లలేరని వాదిస్తే, నున్నటి నడవాలో చక్కగా నడిచిన రికార్డు మమ్మల్ని అక్కడే పట్టుకుంటుంది. పైగా ఆవిడ మంచి ఎండలో బస్సెక్కాలని కోరుకుంటున్నారు. ఉన్న శక్తిని లేదని కాగితం మీద రాయించడం ఆవిడకు అవమానం. ఏడీఏలో షరతులతో కూడిన అర్హత ఉంది: ఫలానా పరిస్థితుల్లో బస్సు, ఫలానా పరిస్థితుల్లో పారాట్రాన్సిట్. మాకు కావలసింది అది.

అందుకు రుజువులు పోగుచేయాలి. ఆవిడతో ఇంటి నుంచి స్టాపుకు మూడుసార్లు నడిచాను. ఎండగా ఉన్న మధ్యాహ్నం 19 నిమిషాలు పట్టింది, మధ్యలో ఒక పిట్టగోడ మీద కూర్చున్నారు, చేరారు. సందె వేళ, సిగ్నల్ లేని కూడలిలో గట్టు కనిపించక కాలు గాలిలో వేశారు, నేను చెయ్యి పట్టుకోకపోతే పడేవారు. మంచు కురిసిన మర్నాడు ఇంటి వాకిలి చివర దాకా వచ్చి ఆగిపోయాం. మూడింటినీ సమయాలతో సహా రాశాను. వైద్యుల ఉత్తరాలూ మార్పించాను. జబ్బు పేరు ఎవరికీ అక్కరలేదు, ఆ జబ్బు వల్ల ఏది చేయలేరో కావాలి. పాదాల్లో ఏయే చోట స్పర్శ లేదో ఫిజియోథెరపిస్టు రాశారు. తక్కువ వెలుతురులో ఎత్తుపల్లాలు ఎందుకు కనిపించవో కంటి వైద్యుడు రాశారు.

అప్పీలు వినేవారు మొదటి నిర్ణయంలో పాల్గొన్నవారు కాకూడదు. ఈసారి దుబాసీ బయటి మనిషి, ఫోనులో. కొడుకు బయట కూర్చున్నారు. చేతికర్ర లోపలికి వచ్చింది. నేను విన్నపం ఒకటే చేశాను: చేయగలరా అని అడగవద్దు, చివరిసారి ఏం జరిగిందని అడగండి.

‘‘చీకటి పడ్డాక ఒంటరిగా చివరిసారి ఎప్పుడు బయటికి వెళ్లారు?’’

ఆవిడ కాసేపు ఊరుకున్నారు. ‘‘పోయిన కార్తీకంలో. దీపం పెట్టి, వీధి చివర దాకా నడిచి వద్దామని వెళ్లాను. పడ్డాను. పక్కింటాయన లేపాడు. అబ్బాయికి చెప్పలేదు.’’

నాకూ తెలియదు ఆ సంగతి. అంతకు ముందు మూడు నెలలుగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాను. బయట కూర్చున్న కొడుకుకు చెప్పే హక్కు నాకు లేదు కాబట్టి చెప్పలేదు. తిరిగి వెళ్లేటప్పుడు కారులో ఆవిడే చెప్పారట.

మూడు వారాలకు నిర్ణయం వచ్చింది. సూర్యాస్తమయం తరువాత, మంచు లేదా గడ్డకట్టిన నేల ఉన్నప్పుడు, సిగ్నల్ లేని పెద్ద రోడ్డు దాటాల్సి వచ్చినప్పుడు అర్హత ఉంది. మిగతా వేళల్లో బస్సు. మా కూడలి ఆ మూడో షరతులోకి వస్తుందా అని వాళ్లతో ఇంకో నెల ఉత్తరాలు నడిచాయి. కూడలి దాటనక్కరలేని ఇంకో స్టాపు ఎండాకాలంలో వాడేలా చివరికి తేల్చుకున్నాం.

బస్సు

బస్సు నేర్పడం ఈ కేసులో అన్నిటికన్నా హాయిగా సాగిన భాగం. నాలుగుసార్లు పక్కన కూర్చున్నాను, అయిదోసారి వెనక సీట్లో, ఆరోసారి స్టాపులో దిగబెట్టి వచ్చేశాను. 65 దాటినవారికి రద్దీ లేని వేళల్లో సగం ఛార్జీ మించకూడదని కేంద్ర నియమం. వీల్‌ఛైర్ లేనివారు కూడా ర్యాంపు వేయమని అడగవచ్చు, డ్రైవరు వేయాలి. ఈ సంగతి ఇక్కడ పుట్టి పెరిగినవారికే చాలామందికి తెలియదు. ఆవిడ ‘ర్యాంప్ ప్లీజ్’ అన్న రెండు మాటలు నేర్చుకున్నారు. మొదటిసారి బస్సు ఉస్సురంటూ ఒక పక్కకు ఒంగి, ర్యాంపు బయటికి వచ్చినప్పుడు, ‘‘మా ఊళ్లో కండక్టరు చెయ్యిచ్చి లాగేవాడు. ఇక్కడ బస్సే వంగుతోంది’’ అన్నారు.

ఇప్పటి పరిస్థితి

గ్రంథాలయానికి ఎండాకాలంలో బస్సు. కంటి ఆసుపత్రికి చలికాలంలో పారాట్రాన్సిట్, మిగతా నెలల్లో మా వాలంటీరు, ఎందుకంటే ఇంజెక్షను తరువాత ఒంటరిగా బస్సెక్కడం మాకెవరికీ నచ్చలేదు. స్నేహితురాలింటికి వాలంటీరు. కొన్ని నెలలకు ఆ స్నేహితురాలు వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ ప్రయాణం జాబితాలోంచి పోయింది.

గుడికి పారాట్రాన్సిట్ వెళ్లదు. చట్టం ప్రకారం ఆ బండి బస్సు దారికి అటూ ఇటూ ముప్పావు మైలు, అంటే సుమారు 1.2 కిలోమీటర్ల లోపు తిరిగితే చాలు. మన గుళ్లు ఎక్కడున్నాయో చూడండి. 1970లలో పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్ కొండ మీద కట్టిన వేంకటేశ్వరాలయం మొదలుకొని చాలావరకు ఊరి బయటే. భూమి చవక, కార్లు నిలపడానికి చోటు కావాలి. కట్టినవారంతా అప్పుడు నడివయసువారు, కారు లేని భక్తుడిని ఊహించలేదు. ఇప్పుడు వారికే డెబ్బై, ఎనభై. మా కౌంటీ గుడి కమిటీకి ఈ సంగతి చెప్పాను. వినేశారు. పార్కింగు విస్తరణకు చందాలు వసూలవుతున్నాయి.

అంతా సాఫీగా ఏమీ లేదు. పారాట్రాన్సిట్ బండి మా దగ్గర చెప్పిన వేళకు అరగంట అటూ ఇటూ వస్తుంది. ఒకసారి కంటి ఆసుపత్రి పని తొందరగా ముగిసి ఆవిడ దాదాపు రెండు గంటలు కూర్చున్నారు. ఇంకోసారి ఆవిడ లోపల, బండి బయట. డ్రైవరు అయిదు నిమిషాలు చూసి ‘రాలేదు’ అని రాసుకుని వెళ్లిపోయాడు. అలాంటివి పదేపదే జరిగితే కొన్నాళ్లు సేవ ఆపే అధికారం సంస్థకు ఉంది, కానీ ప్రయాణికుడి చేతిలో లేని కారణాలను అందులో లెక్కించకూడదు. ఉత్తరం రాసి ఆ ‘రాలేదు’ అన్న నమోదు కొట్టేయించాం. వైకల్యం వల్ల అవసరమైనవారికి డ్రైవరు తలుపు దాకా రావాలని ఫైల్లో శాశ్వతంగా నమోదు చేయించాం. ఇది మొదటి రోజే చేయించాల్సింది.

నేను మార్చుకున్నవి

ఇంటి మనుషులు లేకుండా ప్రయాణికుడితో ఒక గంట మాట్లాడనిదే ఇప్పుడు నేను ఏ జతా కలపను. అర్హత పరీక్షకు బంధువులు దుబాసీలుగా వెళ్లకూడదని చెబుతాను. వినకపోతే కనీసం పక్కన నేను కూర్చుంటాను. ‘ఎవరి కారు ఎక్కడం మీకు ఇబ్బంది’ అన్న ప్రశ్న మా ఫారంలో చేరింది. మొదటి నెలలోనే ఒక కొరియన్ పెద్దాయన తన చర్చి వాళ్లెవరూ వద్దని రాశారు, ఒక స్థానికురాలు తన మాజీ కోడలి పేరు రాసింది. ఉచితంగా దింపుతామనే వాలంటీర్లకు వద్దని గట్టిగా చెబుతున్నాను. డబ్బు తీసుకోకపోతే మర్యాద అనుకుంటారు వాళ్లు. ఎక్కేవారికి ఆ మర్యాద ఎంత ఖరీదో నాకు సున్నుండల డబ్బాలు చూశాక తెలిసింది.

అమ్మానాన్నలను ఇక్కడికి తెచ్చుకున్నవారు రెండు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. దరఖాస్తు పూర్తిగా అందిన 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే, వచ్చేదాకా అర్హులుగానే చూసి బండి ఇవ్వాలి, అడగండి. మంచు పడ్డాక కాదు, ఎండాకాలంలోనే దరఖాస్తు పెట్టండి. చేతికర్ర కారులో వదలనివ్వకండి. వాళ్లు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో మీరు అడిగితే ‘ఎక్కడికీ లేదు’ అంటారు. ఇంకొకరితో అడిగించండి.

ఈ కేసులో తేలనిది ఒకటి మిగిలింది. ముక్కోటి ఏకాదశి డిసెంబరులోనో జనవరిలోనో వస్తుంది, ఉత్తర ద్వార దర్శనానికి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. గుడి ముప్పావు మైలుకు బయట, బస్సు ఉండదు, మంచులో చీకట్లో మా వాలంటీర్లను నడపమని నేను అడగను. ఆ రోజు కొడుకే తీసుకెళ్తారు. ఆ ప్రయాణాన్నీ ఆవిడ నోటుపుస్తకంలో రాస్తారు. తారీకు, గుడి, మైళ్లు. డబ్బు గడిలో మాత్రం చిన్న గీత.